మంచం దిగాక



గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్లో, బైపాస్ చేయించుకున్నవాళ్లో ఇంటికి వచ్చిన మొదటి వారం మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. హాల్లో ఫ్యాను కింద మంచం పడుతుంది. మంచినీళ్లు, మందులు, భోజనం అన్నీ మంచం దగ్గరికే వస్తాయి. ఇంటి పెద్దాయన లేచి రెండడుగులు వేస్తే చాలు, "ఎక్కడికి నాన్నా, ఏం కావాలో చెప్పు, నేను తెస్తాగా" అంటూ కూతురు పరుగెత్తుకొస్తుంది. చూడడానికి వచ్చిన పెద్దలు తలుపు దగ్గరే నిలబడి, "ఇంక ఏ పనీ పెట్టుకోకు, హాయిగా విశ్రాంతి తీసుకో" అని చెప్పి వెళ్తారు. పొలం కౌలుకిచ్చేద్దామా, దుకాణం తమ్ముడికి అప్పగిద్దామా అన్న మాటలు వంటింట్లో మొదలవుతాయి.

ఇదంతా ప్రేమతో చేసేదే. కానీ గుండె జబ్బు నుంచి మనిషి తేరుకోవడానికి అడ్డుపడేది కూడా చాలాసార్లు ఈ ప్రేమే. నేను ఫిజియోథెరపిస్టును. గుండె ఆపరేషన్ అయినవాళ్లను మంచం దించి నడిపించడం నా పని. సర్జన్ గారు రక్తానికి కొత్త దారి వేస్తారు, కార్డియాలజిస్టు మూసుకున్న దారిని తెరుస్తారు. అంతటితో ప్రాణాపాయం గడుస్తుంది. మనిషి మాత్రం ఇంకా తేరుకోవాలి. మళ్లీ బస్సెక్కడం, మెట్లెక్కడం, పొలం గట్టున నడవడం, రాత్రి భయం లేకుండా నిద్రపోవడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా మళ్లీ అలవాటు చేసుకోవాల్సిన పనులు. పెద్ద ఆసుపత్రుల్లో దీన్ని కార్డియాక్ రిహాబిలిటేషన్ అంటారు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఈ విశ్రాంతి సంగతి. గుండెపోటు వచ్చినవాళ్లు కదలకూడదన్నది మన అమ్మమ్మలు పుట్టించిన నమ్మకం కాదు. ఒకప్పుడు ప్రపంచమంతటా వైద్యులే అలా చెప్పేవారు. గుండె రక్తనాళంలో గడ్డ కట్టడం వల్ల వచ్చే ఈ జబ్బును 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ స్పష్టంగా వర్ణించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు రోగిని ఆరు వారాలు మంచం మీదే ఉంచేవారు. తనంతట తాను పక్కకు తిరగనిచ్చేవారు కాదు. అన్నం కూడా నర్సే తినిపించేది. వాళ్ల భయానికి కారణం లేకపోలేదు. రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం గట్టి మచ్చగా మారడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. ఆ లోపల గుండె మీద భారం పడితే మెత్తగా ఉన్న ఆ చోటు చిరుగుతుందేమోనని వాళ్ల అనుమానం.

ఆ ఆరు వారాల పడక చాలామందిని బలి తీసుకుంది. కదలక పడుకున్నవాళ్ల కాళ్లలో రక్తం గడ్డకట్టేది, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరేది. పడకపుళ్లు పడేవి, న్యుమోనియా వచ్చేది. గుండె బాగుపడుతున్న మనిషి పడక వల్ల పోయేవాడు.

దీన్ని మొదట గట్టిగా ప్రశ్నించినవాళ్లలో బోస్టన్‌కు చెందిన శామ్యూల్ లెవైన్ ఒకరు. ఆయన, ఆయన దగ్గర పనిచేస్తున్న యువ వైద్యుడు బెర్నార్డ్ లోన్ కలిసి, గుండెపోటు వచ్చిన రోగులను తొలి రోజుల్లోనే మంచం దించి కుర్చీలో కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. తోటి వైద్యులు మండిపడ్డారు, రోగుల ప్రాణాలతో ఆడుకుంటున్నారని నిందించారు. రోగులు మాత్రం కుర్చీలో కూర్చున్నాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు, ముఖాలు తేటపడ్డాయి. 81 మంది రోగుల అనుభవంతో 1952లో వాళ్లు ప్రచురించిన వ్యాసం గుండె వైద్యాన్ని మలుపు తిప్పింది. వాళ్లు చేసింది కొత్త మందు కనిపెట్టడం కాదు, కొత్త యంత్రం తేవడమూ కాదు. మంచం పక్కన ఒక కుర్చీ వేశారు.

మూడేళ్ల తర్వాత, 1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు డెన్వర్‌లో గుండెపోటు వచ్చింది. ఆయన్ని చూసిన గుండె వైద్యుడు పాల్ డడ్లీ వైట్ నడకనూ సైకిలునూ నమ్మిన మనిషి. ఐసెన్‌హోవర్ సుమారు ఏడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ రోజుల లెక్కలో అది చాలా ఎక్కువ. అయినా ఆ రోజుల్లో వైట్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నడిపించి, మళ్లీ పనిలో పడమన్నాడు. మరుసటి ఏడాది నవంబరులో ఐసెన్‌హోవర్ ఎన్నికల్లో నిలబడి మళ్లీ గెలిచాడు. గుండెపోటు వచ్చినవాడు దేశాన్ని నడపగలిగితే, మన ఇంటి పెద్ద తన దుకాణం తాను తెరుచుకోలేడా?

ఇంకా వెనక్కి వెళ్తే ఇంతకంటే ఆశ్చర్యకరమైన మనిషి ఒకడు కనిపిస్తాడు. నడిస్తే వచ్చి, ఆగితే పోయే ఛాతీ నొప్పిని, అదే మనం ఈ రోజు ఆంజైనా అంటున్నదాన్ని, 18వ శతాబ్దంలో లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ మొదటిసారి వివరంగా రాశాడు. ఆయన పుస్తకంలో, ఒక రోగి రోజూ అరగంట సేపు రంపంతో కట్టెలు కోసే పని పెట్టుకున్నాడనీ, అతనికి జబ్బు దాదాపు నయమైపోయిందనీ ఒక మాట ఉంది. ఎందుకు తగ్గిందో అప్పట్లో ఎవరికీ తెలియదు. ఆ వాక్యం పుస్తకంలో ఉండగానే వైద్యులు రోగుల్ని ఆరు వారాలు మంచానికి కట్టేశారు.

ఎందుకు తగ్గిందో ఇప్పుడు తెలుసు. రోజూ కొద్దికొద్దిగా నడిచే మనిషి కాళ్ల కండరాలు రక్తంలోని ఆక్సిజన్‌ను బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి. అందువల్ల అదే పనికి గుండె తక్కువ సార్లు కొట్టుకుంటే సరిపోతుంది. మొదటి వారం బాత్రూముకు వెళ్లొస్తే ఆయాసపడ్డ మనిషి, ఆరో వారం వీధి చివరిదాకా వెళ్లొచ్చి మామూలుగా మాట్లాడతాడు. అంటే గుండె మీద పడే బరువును కాళ్లు పంచుకున్నాయన్నమాట. వీటికి తోడు రక్తపోటు తగ్గుతుంది, చక్కెర అదుపులోకి వస్తుంది, రక్తనాళాల లోపలి పొర మెత్తగా, ఆరోగ్యంగా ఉంటుంది.

పడుకుంటే ఏమవుతుందో కూడా కొలిచి చూశారు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ల ఆరోగ్యవంతులైన యువకులు అయిదుగురిని మూడు వారాలు పూర్తిగా పడుకోబెట్టారు. లేచేసరికి వాళ్ల శ్రమ చేసే శక్తి దారుణంగా పడిపోయింది. అదే అయిదుగురిని 30 ఏళ్ల తర్వాత, 50 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. 30 ఏళ్ల వయసు వాళ్ల శక్తిని ఎంత తగ్గించిందో, అప్పటి మూడు వారాల పడక అంతకంటే ఎక్కువ తగ్గించిందని తేలింది. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల పరిస్థితే అది. అరవై అయిదేళ్ల మనిషిని రెండు నెలలు మంచం మీద ఉంచితే ఏం మిగులుతుందో ఆలోచించండి.

మరి ఎలా మొదలుపెట్టాలి? ఒక్క మాట ముందే చెప్పాలి. మీ కార్డియాలజిస్టు మీ ఎకో, ఈసీజీ చూసి సరేనన్నాకే ఇక్కడ నేను చెప్పేది మీకు వర్తిస్తుంది. అందరి గుండె ఒకటి కాదు.

మణికట్టు దగ్గర్నుంచి స్టెంట్ వేయించుకున్నవాళ్లు సాధారణంగా మరునాటి నుంచే నెమ్మదిగా నడవొచ్చు. ఆ చేత్తో కొన్ని రోజులు బరువులు ఎత్తకూడదు. గుండెపోటు పెద్దది వచ్చి, ఆ తర్వాత స్టెంట్ పడినవాళ్లు మాత్రం ఇంకాస్త నిదానించాలి. స్టెంట్‌తో దారి తెరుచుకున్నా, దెబ్బతిన్న కండరం మానడానికి వారాలు పడుతుంది.

బైపాస్ అయినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు గుండె కంటే ముందు ఛాతీ ఎముక మానాలి. ఆ ఎముకను మధ్యకు కోసి, పని ముగిశాక స్టీలు తీగలతో కట్టేస్తారు. అది కాస్త గట్టిపడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, పూర్తిగా కలిసిపోవడానికి మూడు నెలల దాకా పడుతుంది. విరిగిన చేతికి కట్టు వేస్తే ఎలా కాపాడుకుంటామో, దీన్నీ అలాగే కాపాడుకోవాలి. బయటికి కట్టు కనిపించదు కాబట్టి చాలామంది మరిచిపోతారు. నిండు బిందె ఎత్తకూడదు. గ్యాస్ సిలిండర్ జరపకూడదు. మనవడు చేతులు చాపినా సరే, వంగి ఎత్తుకోకూడదు. కూర్చుని ఒళ్లోకి తీసుకోవచ్చు. మంచం మీంచి లేచేటప్పుడు రెండు చేతులూ ఆనించి ఒక్క ఊపున లేవడం మనందరికీ అలవాటు. అది మానాలి. పక్కకు ఒత్తిగిల్లి, కాళ్లు కిందికి దించి, అప్పుడు లేవాలి. దగ్గు వచ్చినా తుమ్ము వచ్చినా ఒక దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోవాలి. దగ్గితే కుట్లు ఊడతాయని భయపడి దగ్గు ఆపుకునేవాళ్లున్నారు. కఫం లోపలే ఉండిపోతే న్యుమోనియా వస్తుంది. దిండు పట్టుకుని దగ్గండి. ఛాతీలో టక్కుమని ఎముక కదిలిన చప్పుడు వస్తే, గాయం నుంచి చీము కారితే, జ్వరం వస్తే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మోటారు సైకిలు గురించి అందరూ అడుగుతారు, ముఖ్యంగా మగవాళ్లు. బైపాస్ తర్వాత కనీసం ఆరు వారాలు ఆగాలి, ఆ తర్వాతైనా డాక్టరు చూసి సరేనన్నాకే. బండి నడపడం కంటే స్టాండు వేయడం, పక్కకు ఒరిగినప్పుడు ఆపుకోవడం ఛాతీ ఎముక మీద ఎక్కువ బలం పడే పనులు. కాలి నుంచి రక్తనాళం తీసినవాళ్లకు ఆ కాలు కొన్ని వారాలు వాస్తుంది. కూర్చున్నప్పుడు స్టూలు మీద పెట్టుకోండి, కాళ్లు వేలాడేసి గంటల తరబడి టీవీ ముందు కూర్చోవద్దు. నేల మీద గొంతుకు కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో తొలి వారాలకు ఒక కమోడ్ కుర్చీ కొనిపెడితే చాలా ఇబ్బంది తప్పుతుంది. మలబద్ధకం ఉంటే డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పాలి, ముక్కడం గుండెకు మంచిది కాదు.

నడక ఇలా మొదలుపెట్టండి. మొదటి వారం ఇంట్లోనో, వాకిట్లోనో అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు. బాగుంటే ప్రతి రెండు రోజులకూ ఒకటి రెండు నిమిషాలు పెంచండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో చాలామంది అరగంట నడకకు చేరుకుంటారు. తిన్న వెంటనే నడవద్దు, గంటో గంటన్నరో ఆగాలి. మన ఎండల సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు పైకి రాకముందే ముగించాలి. రక్తపోటు మాత్రలు, నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్లకు ఎండలో కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఎక్కువ.

ఎంత వేగం అంటారా? పక్కన నడిచే మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, కానీ పాట పాడేంత తీరిక ఉండకూడదు. మాట మధ్యలో ఊపిరికి ఆగాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టు. చేతి గడియారంలో నాడి చూసి నడిచేవాళ్లున్నారు గానీ, మనలో చాలామంది వేసుకునే బీటా బ్లాకర్ మాత్రలు నాడిని ఎలాగూ తగ్గించి ఉంచుతాయి. ఆ అంకెను నమ్ముకుంటే మోసపోతారు. మాట పరీక్ష ఎవరికైనా పనికొస్తుంది, దానికి ఖర్చూ లేదు.

నడుస్తున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టయినా, ఎడమ చెయ్యి లేదా దవడ లాగినా, చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి కూర్చోవాలి. నాలుక కింద పెట్టుకునే మాత్ర మీ డాక్టరు రాసి ఉంటే కూర్చునే పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే రక్తపోటు పడిపోయి తూలతారు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. గ్యాస్ నొప్పేమోనని సోడా తాగి తెల్లవారేదాకా ఎదురుచూసి ఆలస్యం చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

చాలామంది మొక్కు గురించి కూడా అడుగుతారు. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లేటప్పుడు భార్య మొక్కుకుంటుంది, బతికొస్తే తిరుమల కొండ ఇద్దరం నడిచి ఎక్కుతామని. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లు నడిచి ఎక్కవద్దనే దేవస్థానం కూడా చెబుతుంది. మొక్కు మొక్కే, కాదనను. అయితే ఆ మొక్కు తీర్చడానికి గడువేమీ లేదు కదా. ముందు బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి. రోజూ ఇంటి దగ్గర నడవండి. ఎప్పటికైనా మెట్లెక్కాలని మనసులో ఉంటే డాక్టరుతో చెప్పి ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, ఆయన ఏం చెబితే అది వినండి. ఇలాంటి ఒక మొక్కు మనిషిని రోజూ పొద్దున్నే లేపి నడిపిస్తుందంటే, దానికంటే మంచి మందు నాకు తెలియదు.

ఇక మందులు. ఒక్కటే చెబుతాను, గట్టిగా చెబుతాను. స్టెంట్ వేశాక రక్తం పలచబడే మాత్రలు రెండు రాస్తారు. గుండెపోటు వచ్చినవాళ్లకు సాధారణంగా ఏడాది పాటు రెండూ ఉంటాయి, ఆ తర్వాత ఒకటి కొనసాగుతుంది. "ఒంట్లో బాగానే ఉంది కదా" అని వాటిని ఆపడం ప్రాణం మీదికి తెస్తుంది. స్టెంట్ లోపలే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు వస్తుంది. పన్ను పీకించుకోవాలన్నా, చిన్న ఆపరేషన్ ఏదైనా చేయించుకోవాలన్నా, ఆ మాత్రలు ఆపాలా వద్దా అనేది గుండె డాక్టరే చెప్పాలి. ఆకు పసరుతో బ్లాకులు కరుగుతాయని ఎవరో చెప్పారని మాత్రలు పక్కన పెట్టకండి.

చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ. వీటి గురించి వాదన లేదు. గుండెపోటు తర్వాత పొగ పూర్తిగా మానినవాళ్లలో మరణం ముప్పు మూడోవంతుకు పైగా తగ్గుతుందని అనేక పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. ఏ ఒక్క మాత్రా దీన్ని మించి చేయదు. భోజనం విషయానికొస్తే, రోజుకు అన్ని వంటల్లోనూ కలిపి మనిషికి 5 గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఉప్పుచేప ఉన్న పళ్లెంలో ఆ లెక్క మొదటి ముద్దకే దాటిపోతుంది. పప్పు, కూర ఎక్కువ, అన్నం తక్కువ. అంతకు మించి భోజనం గురించి భయపెట్టడం నాకిష్టం లేదు.

"గుండె పంపింగ్ 30 శాతమే ఉందట" అని చెప్పి కన్నీళ్లు పెట్టుకునే ఇళ్లున్నాయి. వినేవాళ్లకు అది 70 శాతం చనిపోయిన గుండెలా వినబడుతుంది. అది తప్పు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా ఒక్కో దెబ్బకు తనలో ఉన్న రక్తాన్నంతా బయటికి నెట్టదు. 55 నుంచి 70 శాతం నెడితే మామూలే. 30 అంటే బలహీనమే, జాగ్రత్త కావాలి, కానీ బతకడానికీ తిరగడానికీ అవకాశం లేదని కాదు. ఇలాంటివాళ్లకు కూడా పర్యవేక్షణలో నెమ్మదైన వ్యాయామం క్షేమమని 2009లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. వాళ్లు ఒక బరువు చూసుకునే యంత్రం కొనుక్కోవాలి. పొద్దున్నే కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినకముందు బరువు చూసి క్యాలెండర్ మీద రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలుస్తున్న నీరు. కాళ్లు వాచి, ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఆ రోజే డాక్టరుకు చెబితే ఆసుపత్రిలో చేరే అవసరం చాలాసార్లు తప్పుతుంది.

ఇప్పుడు అన్నింటికంటే తక్కువ మాట్లాడుకునే విషయం. భయం.

గుండెపోటు నుంచి బయటపడ్డవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది. మన మగవాళ్లు దాన్ని ఆ పేరుతో చెప్పరు. "చికాకుగా ఉంది", "తిండి సయించడం లేదు", "ఎవరూ రాకపోతే బాగుండు" అంటారు. ఎన్నడూ కంటతడి పెట్టని మనిషి టీవీలో చిన్న సన్నివేశం చూసి ఏడుస్తాడు. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోవడానికి భయపడతాడు. పక్క మంచం మీద భార్య కూడా నిద్రపోదు. అర్ధరాత్రి లేచి ఆయన ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసే ఇల్లాళ్లు ఎందరో నాతో చెప్పారు. ఇది పిరికితనం కాదు, జబ్బులో భాగం. రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. దీనికి మందు ఉంది, మాట్లాడి తగ్గించే పద్ధతీ ఉంది. వదిలేస్తే గుండె కూడా ఆలస్యంగా కోలుకుంటుంది.

దాంపత్యం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. రెండంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండా ఎక్కగలిగితే సాధారణంగా భయపడాల్సింది లేదు. అయితే ఒక హెచ్చరిక. మగతనం కోసం అమ్మే మాత్రలు, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర, ఈ రెండూ కలిస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు.

మన దేశంలోనే మన పరిస్థితులకు తగిన ఒక ప్రయత్నం జరిగింది. ఖరీదైన యంత్రాలున్న రిహాబ్ కేంద్రాలు అందరికీ అందవు కాబట్టి, గుండెపోటు వచ్చినవాళ్లకు యోగా ఆధారంగా ఒక శిక్షణ తయారుచేసి, దేశంలోని 24 ఆసుపత్రుల్లో దాదాపు 4,000 మందితో పరీక్షించారు. ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మళ్లీ గుండెపోటు, మరణం వంటివి తగ్గాయని అందులో తేలలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కానీ యోగా శిక్షణ పొందినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, గుండెపోటుకు ముందు చేసుకున్న పనులకు ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. మళ్లీ తన పని తాను చేసుకోగలగడం మన మనిషికి చిన్న విషయమా?

ఆడవాళ్ల గురించి విడిగా మాట్లాడాలి. ప్రపంచమంతటా ఈ పునరావాస శిక్షణకు వచ్చేవాళ్లలో ఆడవాళ్లు తక్కువ. మన దగ్గర కారణం కళ్లముందే ఉంది. భర్తకు బైపాస్ అయితే ఇల్లంతా ఆయన మంచం చుట్టూ తిరుగుతుంది. అదే ఆపరేషన్ అమ్మకు అయితే పదిహేనో రోజుకల్లా ఆమె పొయ్యి దగ్గర కనిపిస్తుంది. ఒకరిని కదలనివ్వం, ఇంకొకరిని కదలక తప్పని స్థితిలో పెడతాం. రెండూ తప్పే. ఇంటి చాకిరీ వ్యాయామం కాదు. తడి బట్టల బకెట్ ఎత్తడం, పిండి పిసకడం, కుక్కరు దించడం మానుతున్న ఛాతీ ఎముకకు హాని చేస్తాయి, గుండెకు నడక ఇచ్చే మేలు మాత్రం చేయవు. కొడుకులూ కోడళ్లూ, మీ అమ్మగారికి, అత్తగారికి మూడు నెలలు బరువు పనులు తప్పించండి. రోజుకు అరగంట ఆమెను చెప్పులు తొడిగించి బయటికి తీసుకెళ్లండి. "పని చేస్తూనే ఉన్నానుగా, మళ్లీ నడకెందుకు" అని ఆమె అంటుంది. వినకండి.

చివరగా, ప్రభుత్వంలో, ఆసుపత్రుల్లో నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఎవరైనా ఈ మాటలు వింటుంటే వాళ్లకో విన్నపం. తెలుగు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గుండె ఆపరేషన్ చేయించుకునే అవకాశం పేదవాడి గడప దాకా వచ్చింది. అది మామూలు విషయం కాదు. అయితే ఆపరేషన్ చేయించుకుని ఊరికి చేరిన ఆ మనిషిని నడిపించేవాళ్లు చాలా జిల్లాల్లో లేరు. ఎంత నడవాలో, ఎప్పుడు పొలానికి వెళ్లాలో అతను పక్కింటివాళ్లను అడిగి తెలుసుకుంటున్నాడు.

దీనికి కోట్లు ఖర్చుపెట్టాల్సిన పనిలేదు. ఆరు నిమిషాల నడక పరీక్ష అని ఒకటుంది. దానికి కావాల్సింది 30 మీటర్ల సమతలమైన వరండా, ఒక గడియారం, ఒక కుర్చీ, బీపీ యంత్రం, వేలికి పెట్టే ఆక్సిమీటర్, శిక్షణ పొందిన ఒక ఫిజియోథెరపిస్టు లేదా నర్సు, పిలిస్తే పలికే దూరంలో ఒక డాక్టరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఆరు నిమిషాల్లో సాధారణంగా 400 నుంచి 700 మీటర్లు నడుస్తారు. మన మనిషి మొదటి రోజు 220 నడిస్తే అది కార్డు మీద రాసి, నెల తర్వాత మళ్లీ నడిపించి, ఎంత పెరిగిందో అతనికే చూపించాలి. ఆ అంకె పెరగడం తన కళ్లతో చూసిన మనిషికి ధైర్యం దానంతటదే వస్తుంది. 30 మీటర్ల వరండా లేని జిల్లా ఆసుపత్రి మన రెండు రాష్ట్రాల్లో ఉంటుందనుకోను. వారానికి రెండు పూటలు ఆ వరండా గుండె రోగులకు కేటాయించండి.

ఈలోగా ఇంట్లో కోలుకుంటున్న మీరు, రివ్యూ తేదీ కోసం ఎదురుచూసే రోజుల్లో ఒక కాగితం మీద రాసుకోండి. నేను రోజుకు ఎంతసేపు నడవొచ్చు, మెట్లు ఎన్ని ఎక్కొచ్చు, ఎంత బరువు ఎత్తొచ్చు, పనికి ఎప్పుడు వెళ్లొచ్చు, నొప్పి వస్తే ఏ మాత్ర ఎన్నిసార్లు. ఈ అయిదు ప్రశ్నలకూ జవాబులు డాక్టరు గారి చేత ఆ కాగితం మీదే రాయించుకునే బయటికి రండి. బయట ఎంతమంది వేచి ఉన్నా సరే, అడగండి.